నాన్నగారి ఆర్‌ఎక్స్ 100కి 135 బ్లాకు వేయొచ్చా?

ప్రశ్న: మాది పి.గన్నవరం దగ్గర లంక ఊరు. మా నాన్న 1993లో కొన్న యమహా ఆర్‌ఎక్స్ 100, ఆయన పోయిన 2016 నుంచీ కొబ్బరికాయల కొట్టంలోనే ఉంది. 2022 జూలై వరదలో ట్యాంకు దాకా మునిగింది. ఇప్పుడు నేనే ఇంటి దగ్గర విప్పి బాగుచేసుకుంటున్నాను. సీ బుక్ (రిజిస్ట్రేషన్ పుస్తకం) గడువు 2013లోనే అయిపోయింది, పుస్తకం తడిసి చివికిపోయింది. బోరు (సిలిండరు లోపలి రంధ్రం) అరిగింది, ఆర్‌ఎక్స్ 135 బండి సిలిండరు బ్లాకు వేద్దామని మెకానిక్ అంటున్నాడు. రంగు మార్చి, వెనక మడ్‌గార్డు కోయించి, సీటు పొట్టి చేయించి, ఎక్స్‌పాన్షన్ సైలెన్సర్ పెట్టాలని నాకు ఉంది. ఛాసిస్ నంబరు తుప్పు పట్టి సగమే కనబడుతోంది. అమ్మ నా దగ్గరే ఉంది, అక్క హైదరాబాద్‌లో ఉంది. చట్ట ప్రకారం ఏం చేయాలి?

సమాధానం: అన్నిటికంటే ముందు, హ్యాండిల్ కింద నంబరు కొట్టిన చోట ఎమరీ పేపరు గానీ గ్రైండరు గానీ తగలనివ్వకండి. రంగు వేసే ముందు ఫ్రేమంతా గీకించడం మామూలే. ఆ గీకుడులో నంబరు పోతే ఈ బండి మీ నాన్నగారిదే అని చెప్పే పెద్ద సాక్ష్యం పోతుంది. నా దగ్గరకు వచ్చిన ఒక కుర్రాడు ఇలాగే తుప్పుతో పాటు రెండంకెలు పోగొట్టుకుని, తెలిసినవాళ్ళ చేత పంచ్ కొట్టించాడు. కొత్త అంకెల సైజు తేడాగా ఉండి తనిఖీలో దొరికిపోయాడు. తాతల నాటి సొంత బండి దొంగబండి కాదని రుజువు చేసుకోవడానికి నెలల తరబడి తిరిగాడు.

మీరు కిరోసిన్‌లో తడిపిన గుడ్డతో ఆ చోటు మెల్లగా తుడవండి. పల్చటి కాయితం పరిచి పెన్సిల్‌ని పక్కవాటుగా రుద్దండి. కంటికి ఆనని గీతలు కూడా చాలాసార్లు కాయితం మీద లేస్తాయి. క్రాంక్‌కేసు మీది ఇంజను నంబరుకీ అలాగే అచ్చు తీసి, రెండూ సీ బుక్‌తో సరిచూసుకుని, ఫొటోలు తీసి పెట్టుకోండి. అప్పటికీ చదవలేకపోతే ఆర్టీఓకి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, అనుమతి వచ్చాకే మళ్ళీ కొట్టించాలి. సొంతంగా మాత్రం వద్దు.

ఇక బండి ఎవరిది అన్న సంగతి. మీరు వాడుకుంటున్నారు కాబట్టి మీదే అనుకుంటున్నారు. వీలునామా లేకుండా పోయిన తండ్రి ఆస్తిలో, హిందూ వారసత్వ చట్టం ప్రకారం, భార్యకీ కొడుకులకీ కూతుళ్ళకీ సమాన వాటా. మోటారు సైకిలు కూడా ఆస్తే. అందుకని అమ్మ, అక్క ఇద్దరూ మీ పేరున బదిలీకి అభ్యంతరం లేదని అఫిడవిట్ ఇవ్వాలి. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు కార్యాలయం ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జతచేసి ఫారం 31లో దరఖాస్తు చేయాలి. చట్టం దీనికి ఇచ్చిన గడువు మూడు నెలలే, అది ఎప్పుడో దాటింది. ఆలస్యానికి రుసుము కట్టాల్సి వస్తుంది గానీ హక్కు పోదు. బండి ముక్కలుగా ఉన్నా ఈ కాయితాలు సమకూర్చుకోవచ్చు, ఈ వారమే మొదలుపెట్టండి. అక్క సంక్రాంతికి వచ్చినప్పుడు చూద్దాంలే అని వాయిదా వేసిన కుటుంబాలు ఆ తర్వాత ఐదేళ్ళు సంతకం కోసం తిరగడం నేను చూశాను.

చివికిన సీ బుక్‌కి బదులు నకలు కోసం ఫారం 26 పెట్టాలి. పాత పుస్తకం ఎంత పాడైనా పారేయకండి, దాన్నే జతచేయాలి. బండి ఏపీ 05 నంబరే అయ్యుంటుంది. పాత తూర్పుగోదావరి జిల్లా నాటి రికార్డు కంప్యూటర్లోకి ఎక్కిందా, రద్దయినట్టు ఏమైనా రాసి ఉందా అని అమలాపురం ఆఫీసులో ముందే అడగండి. ఎక్కకపోతే బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించమని అర్జీ ఇవ్వాలి.

సొంత వాడకం బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు, ఆ తర్వాత ఐదేసి ఏళ్ళకు పొడిగింపు. దానికి ఫారం 25. 20 ఏళ్ళు దాటిన మోటారు సైకిలుకి 2025 ఆగస్టు సవరణతో పొడిగింపు రుసుము 2,000 రూపాయలైంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం ఆలస్యానికి నెలకు 300 రూపాయలు అదనం, గ్రీన్ ట్యాక్స్ వేరే. ఇవన్నీ కలిపితే చిన్న మొత్తం కాదు. విడిభాగాల మీద ఖర్చు పెట్టకముందే ఈ లెక్క రాయించుకోండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. బాగుచేయడం వేరు, మార్చేయడం వేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్పేది ఇదే. తయారీదారు ఇచ్చిన మూల స్వరూపం మారేలా ఏ మార్పూ చేయకూడదని 2019 జనవరిలో కె.జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా తేల్చింది. అదే ఏడాది చేర్చిన 182ఎ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు.

మీ బండి బోరు వెడల్పు 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 50. ఆ లెక్కన 98 సీసీ, సీ బుక్‌లో రాసి ఉన్నదీ అదే. 135 బ్లాకు బోరు 58, అంటే 132 సీసీ. ఇంజను నంబరు క్రాంక్‌కేసు మీద ఉంటుంది కాబట్టి బ్లాకు మారినా ఎవరికీ తెలియదని మీ మెకానిక్ చెప్పే ఉంటాడు. తెలియకపోవడం వేరు, చట్టబద్ధం కావడం వేరు. రేపు ఏదైనా ప్రమాదం జరిగి బండిని విప్పి చూస్తే తెలుస్తుంది. ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పని మార్పు అని మీ నష్టపరిహారం ఆపే అవకాశం వాళ్ళ చేతికి మీరే ఇచ్చినట్టవుతుంది. మీ బ్లాకుకే కొత్త స్లీవు (సిలిండరు లోపలి తొడుగు) వేయించి స్టాండర్డ్ పిస్టన్ ఎక్కించండి, లేదా తర్వాతి ఓవర్‌సైజు (కాస్త పెద్ద) పిస్టన్ పట్టేలా బోరు చేయించండి. అది అరుగుదలకి చేసే మరమ్మతు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పాత ఇనుము కొట్లో ఏ భాగం కొన్నా బిల్లు అడగండి. దొంగసొత్తు అని తెలిసి తీసుకోవడం భారతీయ న్యాయ సంహిత 317 కింద నేరం. తెలియదు అని చెప్పుకోవడానికి మీకున్న ఆధారం ఆ బిల్లే.

రంగు మార్చుకోవచ్చు. ముందు అర్జీ ఇచ్చి, కొత్త రంగు సీ బుక్‌లో ఎక్కించుకుంటే చాలు. సైలెన్సర్ మాత్రం కంపెనీదే ఉంచండి. శబ్దం, పొగ పరిమితులు దాటితే 190(2) సెక్షన్ కింద 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్సు మీద మూడు నెలల అనర్హత ఉన్నాయి. 2000 మార్చికి ముందు తయారైన టూ స్ట్రోక్ బండికి పొల్యూషన్ పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం లోపు రావాలి. పొగ తగ్గడానికి, ఇంజనులోకి ఆయిల్ పంపే పంపుని కూడా సరిగా సెట్ చేయించండి.

మడ్‌గార్డు, సీటు గురించి గట్టిగానే చెబుతాను, వద్దు. కేంద్ర మోటారు వాహనాల నిబంధన 123 ప్రకారం వెనక కూర్చునేవాళ్ళకి పట్టుకునే పిడి, ఫుట్‌రెస్టు, వెనక చక్రం సగానికి తగ్గకుండా కప్పే రక్షణ ఉండాలి. దాన్నే మనం శారీ గార్డు అంటాం. ఈ బండి మీద మీ వెనక ముందుగా ఎక్కేది మీ అమ్మగారే. ఆమె ఒక పక్కకి కూర్చుని వెళ్తుంటే కొంగు చువ్వల్లో చిక్కుకుంటే ఏమవుతుందో మన కాలవ గట్ల మీద తిరిగే ఎవరికైనా తెలుసు. సీటు పొట్టి చేస్తే సీ బుక్‌లో ఉన్న ఇద్దరి సీటు ఒకరిది అవుతుంది, అదీ మార్పే.

వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించేయమని ఎవరైనా అంటే వినకండి. 2021 నిబంధనల ప్రకారం దానికి మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటాలి. 15 ఏళ్ళు దాటాయి కాబట్టి తుక్కుకే అనే మాట కూడా నమ్మకండి. పెట్రోలు బండ్లకి ఆ నిషేధం ఢిల్లీ చుట్టుపక్కలది.

ఇంజను స్టార్టయిన రోజున ఊళ్ళో ఒక రౌండు వేయాలనిపిస్తుంది. మీ ఇంటి ఆవరణ దాటించకండి. రిజిస్ట్రేషన్ లేని బండి నడిపితే 192వ సెక్షన్ కింద మొదటిసారే 2,000 నుంచి 5,000 రూపాయల జరిమానా. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. చెల్లే రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కిన బండికి సొంత నష్టం క్లెయిము చెల్లదని 2014లో నరీందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఎలాగూ తప్పనిసరి. 75 నుంచి 150 సీసీ బండికి 2022 జూన్‌లో నిర్ణయించిన ఏడాది ప్రీమియం 714 రూపాయలు.

తనిఖీ రోజున బండిని టాటా ఏస్‌లో ఎక్కించి తీసుకెళ్ళండి. పాత సీ బుక్, అఫిడవిట్లు, బోరు చేయించిన లేతు షాపు బిల్లు ఒక కవర్లో పెట్టుకోండి. పల్చటి కాయితం, పెన్సిలు కూడా జేబులో ఉంచుకోండి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు తన ఎదురుగానే నంబరు అచ్చు తీయమనొచ్చు.