హెడ్ కోచ్ ఉద్యోగం పోతే అసిస్టెంట్ల సంగతేంటి? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో అసిస్టెంట్ కోచ్ ఉద్యోగం గురించి ఈమధ్య చాలా ఉత్తరాలు వచ్చాయి. రాసినవాళ్లలో ఎక్కువమంది అక్కడ పిల్లల్ని పెంచుతున్న తల్లిదండ్రులే. అన్నిటికీ చోటు లేదు కాబట్టి కొన్ని ఎంచుకుని జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి టెక్సస్‌లోనే పుట్టి పెరిగాడు. కంప్యూటర్ సైన్స్ చదువుతూ నాలుగేళ్లు యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్‌కి స్టూడెంట్ మేనేజర్‌గా పనిచేశాడు. ఇప్పుడు చేతికొచ్చిన సాఫ్ట్‌వేర్ ఆఫర్ వదులుకుని, వేరే యూనివర్సిటీలో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా చేరతానంటున్నాడు. వాడు కాలేజీలో ఆడింది కూడా లేదు. అసలు ఇది ఉద్యోగమేనా?
– ఒక తల్లి

జవాబు: ఉద్యోగమేనమ్మా, కాకపోతే మొదటి రెండేళ్లు చూసేవాళ్లకి అలా కనిపించదు. గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ (అందరూ జీఏ అనే అంటారు) అంటే మాస్టర్స్ చదివే విద్యార్థే. సాధారణంగా ట్యూషన్ ఫీజు యూనివర్సిటీ భరిస్తుంది, ఖర్చులకి కొద్దిగా స్టైపెండ్ ఇస్తుంది, అందుకు టీమ్‌కి పనిచెయ్యాలి. వచ్చే శనివారం ఎవరితో మ్యాచ్ ఉందో వాళ్ల పాత మ్యాచ్‌ల ఫిల్మ్ ముందేసుకుని, ఎన్నో డౌన్‌లో (పది గజాలు దాటడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో ఎన్నోదానిలో), ఎన్ని గజాలు మిగిలుండగా, ఏ ఫార్మేషన్‌లో నిలబడి ఏం చేశారన్నది ఒక్కో ప్లే చొప్పున కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఆ పనిలో పెద్ద భాగం. తర్వాత ఆ ప్లేలని కార్డుల మీద గీసి, ప్రాక్టీస్‌లో ప్రత్యర్థుల్లా ఆడే స్కౌట్ టీమ్ కుర్రాళ్లకి చూపించి ఆడించాలి. కాలేజీ క్రీడల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నియమం ప్రకారం సీజన్‌లో ఆటగాళ్లతో వారానికి 20 గంటలకి మించి పని చేయించకూడదు. కోచ్‌ల గంటలు మాత్రం ఎవరూ లెక్కపెట్టరు, అందరికంటే ముందొచ్చి అందరికంటే ఆఖర్న వెళ్లేది జీఏనే.

నిక్ సేబన్ పేరు మీ అబ్బాయి చెప్పే ఉంటాడు. హెడ్ కోచ్‌గా ఏడు జాతీయ చాంపియన్‌షిప్‌లు గెలిచిన ఆయన 1973లో కెంట్ స్టేట్‌లో డాన్ జేమ్స్ దగ్గర జీఏగానే మొదలుపెట్టారు. అప్పట్లో ఆయనకి కోచ్ అవ్వాలన్న ఆలోచనే లేదు, భార్య చదువు ఇంకో ఏడాది మిగిలుందని ఆ ఊళ్లో ఉండిపోయారు.

ఇక ఆడలేదన్న భయం. ఆడినవాళ్లని త్వరగా పిలుస్తారు, అందులో అనుమానం లేదు, తమ టీమ్ పాత ఆటగాళ్లంటే కోచ్‌లకి నమ్మకం ఎక్కువ. అయితే మైక్ లీచ్ కాలేజీ ఫుట్‌బాల్ ఆడకుండానే, పెపర్‌డైన్‌లో లా డిగ్రీ చేతిలో పెట్టుకుని, లాయర్ వృత్తిలోకి వెళ్లకుండా 1987లో కాల్ పాలీలో అసిస్టెంట్‌గా చేరారు. తర్వాత హాల్ మమ్మీ అనే హెడ్ కోచ్ దగ్గర ఏళ్ల తరబడి పనిచేశారు. చిన్న కాలేజీల్లో ఆ ఇద్దరూ పదునుపెట్టిన ‘ఎయిర్ రైడ్’ పద్ధతి దేశంలో పాసింగ్ ఆటనే మార్చేసింది. ఆయన టెక్సస్ టెక్, వాషింగ్టన్ స్టేట్, మిసిసిపీ స్టేట్‌లకి హెడ్ కోచ్‌గా చేసి 2022 డిసెంబర్‌లో చనిపోయారు.

ఒక్కటి మాత్రం మీ అబ్బాయికి గట్టిగా చెప్పండి. ఏదో ఒక మాస్టర్స్‌లే అని తేలికైనది పట్టుకోవద్దు. జీఏలకి టైమ్ దొరకదు కాబట్టి సులువైన కోర్సు ఎంచుకోవాలని అనిపిస్తుంది, కానీ కోచింగ్ కుదరకపోతే చేతిలో మిగిలేది ఆ డిగ్రీయే. స్టాటిస్టిక్స్, డేటా లాంటిదైతే ఫుట్‌బాల్ ఆఫీసులోనూ పనికొస్తుంది, బయటా పనికొస్తుంది. ఇంకొకటి, పిల్లాడు నాలుగేళ్లు బంతులు మోసి, తడిసిన జెర్సీలు సర్ది, అన్నీ చూశాకే అడుగుతున్నాడు. ఏమీ తెలియక మోజుపడుతున్నాడని అనుకోకండి.

ప్రశ్న: కోచ్‌లకి కోట్ల జీతాలని చదువుతుంటాం. అసిస్టెంట్లకి కూడా అంతేనా?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: కొద్దిమందికి, అవును. 2018లో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) తన డిఫెన్సివ్ కోఆర్డినేటర్ (డిఫెన్స్ మొత్తాన్ని నడిపే అసిస్టెంట్) డేవ్ అరాండాకి ఏడాదికి 25 లక్షల డాలర్ల చొప్పున కాంట్రాక్ట్ ఇచ్చినప్పుడు దేశమంతా నోరెళ్లబెట్టింది. ఇప్పుడు పెద్ద కాన్ఫరెన్సుల్లో (యూనివర్సిటీ టీమ్‌ల కూటముల్లో) పది లక్షలు దాటిన కోఆర్డినేటర్లు చాలామందే ఉన్నారు. కానీ ఇది పైన ఎఫ్‌బీఎస్ అనే మెట్టు మీద, అందులోనూ డబ్బున్న యూనివర్సిటీల సంగతి. కింద ఎఫ్‌సీఎస్, డివిజన్ 2, డివిజన్ 3 ఉన్నాయి, ఎక్కువ కాలేజీలు ఉన్నది అక్కడే. డివిజన్ 3లో ఆటకి స్కాలర్‌షిప్పులే ఉండవు, చాలామంది అసిస్టెంట్లు పార్ట్‌టైమ్, పగలు ఇంకో పని చేసుకుంటూ సాయంత్రం ప్రాక్టీస్‌కి వస్తారు. ప్రభుత్వ యూనివర్సిటీ అయితే కోచ్ జీతం చాలా రాష్ట్రాల్లో బహిరంగ రికార్డే, అడిగి తెలుసుకోవచ్చు. పేపర్లో పడే అంకె చూసి ఈ వృత్తిని అంచనా వెయ్యకండి.

ప్రశ్న: మా అమ్మాయి ఒక అమెరికన్ అబ్బాయిని పెళ్లి చేసుకోవాలనుకుంటోంది. ఒక యూనివర్సిటీలో రన్నింగ్ బ్యాక్స్ కోచ్ అట. మనిషి మర్యాదస్తుడే, కానీ ఆరేళ్లలో మూడు యూనివర్సిటీలు మారాడు. ఎక్కడా కుదురుగా లేడంటే ఏదో లోపం ఉన్నట్టే కదా అని నాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి

జవాబు: లోపం ఆ అబ్బాయిలో ఉందనుకోకండి సార్, ఈ వృత్తే అలా ఉంటుంది. అతనిలా ఒక్క రకం ఆటగాళ్లకే (రన్నింగ్ బ్యాక్స్ అంటే బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్లు) నేర్పే పొజిషన్ కోచ్‌కి ఒకటి రెండేళ్ల కాంట్రాక్ట్ మామూలు. హెడ్ కోచ్‌ని తీసేస్తే కొత్తగా వచ్చినాయన తన మనుషుల్ని తెచ్చుకుంటాడు, పాత అసిస్టెంట్లలో ఒకరిద్దరిని ఉంచుకుంటే గొప్ప. మీ కాబోయే అల్లుడి రన్నింగ్ బ్యాక్స్ ఎంత బాగా ఆడినా సరే, పక్క గదిలో క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) తడబడి టీమ్ ఓడుతూ పోతే నవంబర్ చివర్లో ఇతని ఉద్యోగమూ పోవచ్చు. తను బాగా పనిచేసి కూడా ఇంకొకరి ఫలితానికి ఇల్లు ఖాళీ చెయ్యాల్సి రావడం, నిజంగా కష్టమైన విషయం అదీ. పిల్లలు స్కూలు మధ్యలో మారతారు, భార్య ఉద్యోగం మారాల్సి వస్తుంది. దీన్ని చిన్నది చేసి చెప్పడం నాకిష్టం లేదు.

డాబో స్విన్నీ సంగతి చూడండి. అలబామాలో స్కాలర్‌షిప్ లేకుండా టీమ్‌లో చేరి ఆడాడు, అక్కడే జీఏ అయ్యాడు, అక్కడే రిసీవర్ల (విసిరిన బంతిని అందుకునేవాళ్ల) కోచ్ అయ్యాడు. 2000 సీజన్ తర్వాత హెడ్ కోచ్ మైక్ డుబోస్‌తో పాటు మొత్తం స్టాఫ్‌ని పంపించేశారు. స్విన్నీ దాదాపు రెండేళ్లు కమర్షియల్ రియల్ ఎస్టేట్‌లో పనిచేశాడు. 2003లో క్లెమ్సన్ హెడ్ కోచ్ టామీ బౌడెన్ పిలిస్తే అక్కడికి రిసీవర్ల కోచ్‌గా వెళ్లాడు. 2008 అక్టోబర్‌లో సీజన్ మధ్యలో బౌడెన్ తప్పుకుంటే, ఎప్పుడూ కోఆర్డినేటర్‌గా చెయ్యని ఈ మనిషికి తాత్కాలికంగా పగ్గాలిచ్చారు. అదే స్విన్నీ 2016, 2018 సీజన్లలో క్లెమ్సన్‌కి జాతీయ చాంపియన్‌షిప్ తెచ్చాడు. ఆ మధ్యలో రియల్ ఎస్టేట్ పని చేస్తున్నప్పుడు ఎవరైనా మామగారు చూసి ఉంటే మీలాగే భయపడి ఉండేవారు.

అందుకని ఎన్ని చోట్లు మారాడని కాక, ఎలా మారాడని అడగండి. వెళ్లిన ప్రతిచోటా పాత పరిచయస్తుడే పిలిచాడా? అలా అయితే మంచి గుర్తు, ఎందుకంటే ఈ ఉద్యోగాలు ప్రకటన చూసి దరఖాస్తు పెడితే వచ్చేవి చాలా తక్కువ, ఫోన్ కాల్ మీదే వస్తాయి. ప్రతి జనవరిలో అమెరికన్ ఫుట్‌బాల్ కోచెస్ అసోసియేషన్ సమావేశం జరుగుతుంది, ఉద్యోగం లేనివాళ్లు, మంచి చోటు వెతుక్కునేవాళ్లు హోటల్ లాబీల్లో కలిసేది అక్కడే.

మీ అమ్మాయికి ఏడాది ఎలా గడుస్తుందో కూడా ముందే తెలియాలి. ఆగస్టు నుంచి నవంబర్ దాకా ఆదివారం కూడా ఆఫీసే, నిన్నటి మ్యాచ్ ఫిల్మ్ చూసి వచ్చే మ్యాచ్‌కి సిద్ధమవ్వాలి. ఇదివరకు సీజన్ అయ్యాక కాస్త ఊపిరి ఆడేది. డిసెంబర్‌లో హైస్కూల్ పిల్లల చేత టీమ్‌లో చేరడానికి సంతకాలు పెట్టించుకోవడం 2017 నుంచి, ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (వేరే యూనివర్సిటీకి మారాలనుకునే ఆటగాళ్లు పేరు ఇచ్చే జాబితా) 2018 నుంచి వచ్చాక ఆ ఊపిరి కూడా పోయింది. పండగ రోజుల్లో ఒక పక్క బౌల్ మ్యాచ్ (సీజన్ అయ్యాక ఆడే ప్రత్యేక మ్యాచ్), ఒక పక్క కొత్త కుర్రాళ్ల తల్లులతో ఫోన్లు, ఇంకో పక్క వెళ్లిపోతానంటున్న సొంత ఆటగాడిని కూర్చోబెట్టి మాట్లాడడం. వసంతంలో మళ్లీ ప్రాక్టీస్, జూన్‌లో క్యాంపులు. కుటుంబంతో ఎక్కడికైనా వెళ్లాలంటే మిగిలేది జూలై. పెళ్లి ముహూర్తం కూడా జూలైలోనే పెట్టుకోండి.

ప్రశ్న: టీవీలో ఎప్పుడూ హెడ్ కోచ్‌నే చూపిస్తారు. మ్యాచ్ జరుగుతుంటే అసిస్టెంట్లు ఏం చేస్తారు?
– ఒక ఇంటర్ విద్యార్థి

జవాబు: చాలా టీమ్‌ల్లో ప్లే పిలిచేది, అంటే ఏ ఎత్తు ఆడాలో చెప్పేది, కోఆర్డినేటరే బాబూ. కొందరు మైదానం అంచున నిలబడి పిలుస్తారు, కొందరు పైన బాక్స్‌లో కూర్చుని, అక్కడి నుంచి మైదానమంతా కనిపిస్తుంది కాబట్టి. 2024 నుంచి ఎఫ్‌బీఎస్‌లో ఒక ఆటగాడి హెల్మెట్‌లో స్పీకర్ పెట్టి కోచ్ నేరుగా మాట్లాడే వీలొచ్చింది, ప్లే క్లాక్ (తర్వాతి ప్లే మొదలవ్వడానికి మిగిలిన టైమ్ చూపే గడియారం) 15 సెకన్లకి రాగానే అది ఆగిపోతుంది. అంతకుముందు చేతి సైగలూ, బొమ్మల బోర్డులే. కానీ అసలు పని మ్యాచ్‌కి ముందే అయిపోయి ఉంటుంది. ఆఫెన్సివ్ లైన్ కోచ్, ముందు వరసలో నిలబడి ప్రత్యర్థుల్ని అడ్డుకునే ఐదుగురు కుర్రాళ్లకి మొదటి అడుగు ఏ కాలితో, ఎంత దూరం, ఏ కోణంలో వెయ్యాలో నెలల తరబడి నేర్పుతాడు. ఈసారి బంతి వెంట కాకుండా ఆ ఐదుగురి పాదాల మీద కన్ను పెట్టి చూడు, ఆ కోచ్ పని కనిపిస్తుంది.

ప్రశ్న: జీవితమంతా అసిస్టెంట్‌గానే ఉండిపోతే అది ఓటమి కాదా?
– ఒక పాఠకుడు

జవాబు: కాదు. ఈ ప్రశ్న ప్రతిసారీ నన్ను బాధపెడుతుంది. బడ్ ఫోస్టర్ 1987లో హెడ్ కోచ్ ఫ్రాంక్ బీమర్‌తో వర్జీనియా టెక్‌కి వచ్చి, 1995 నుంచి డిఫెన్స్ నడిపి, 2019 సీజన్ దాకా అక్కడే ఉన్నారు. బీమర్ రిటైరయ్యాక వచ్చిన కొత్త హెడ్ కోచ్ కూడా ఆయన్ని వదులుకోలేదు. ఒక్కసారీ హెడ్ కోచ్ అవ్వలేదు. 2006లో దేశంలో ఉత్తమ అసిస్టెంట్‌కి ఇచ్చే బ్రాయిల్స్ అవార్డు ఆయనకే వచ్చింది. ఆ అవార్డు 1996లో మొదలైంది, మొదటిసారి అందుకున్న ఫ్లోరిడా స్టేట్ డిఫెన్స్ కోచ్ మికీ ఆండ్రూస్ కూడా హెడ్ కోచ్ బాబీ బౌడెన్ పక్కన పాతికేళ్లకి పైగా పనిచేసినవారే. హెడ్ కోచ్ ఉద్యోగంలో దాతలతో విందులు, పత్రికల వాళ్లు, బడ్జెట్లు ఉంటాయి, కుర్రాడి పక్కన కూర్చుని నేర్పే టైమ్ తగ్గిపోతుంది. నేర్పడమే ఇష్టమైనవాళ్లు కిందే ఉండాలనుకుంటే అందులో తప్పేముంది?

ఇష్టం ఉన్నా దారి దొరకనివాళ్ల కథ వేరు, అది అన్యాయం. సిల్వెస్టర్ క్రూమ్ దాదాపు మూడు దశాబ్దాలు అసిస్టెంట్‌గా చేశాక గానీ మిసిసిపీ స్టేట్ ఆయన్ని తీసుకోలేదు. 2004 సీజన్‌తో ఎస్‌ఈసీలో (మిసిసిపీ స్టేట్ ఆడే పెద్ద కాన్ఫరెన్సులో) మొదటి నల్లజాతి హెడ్ కోచ్ ఆయనే. ఆడవాళ్లకైతే తలుపు ఇప్పుడిప్పుడే తెరుచుకుంటోంది. 2018లో డార్ట్‌మత్ కాలీ బ్రౌన్సన్‌ని పూర్తికాల కోచింగ్ ఉద్యోగంలోకి తీసుకుంది, డివిజన్ 1 (ఎఫ్‌బీఎస్, ఎఫ్‌సీఎస్ కలిపి) ఫుట్‌బాల్‌లో అలా చేరిన మొదటి మహిళ ఆమే.

ప్రశ్న: మా తమ్ముడు జీఏ పూర్తి చేశాడు. ఒక పెద్ద ఎఫ్‌బీఎస్ యూనివర్సిటీలో అనలిస్ట్ (ఫిల్మ్ చూసి కోచ్‌లకి సాయపడే) ఉద్యోగం, ఒక డివిజన్ 2 కాలేజీలో లైన్‌బ్యాకర్స్ (డిఫెన్స్‌లో రెండో వరస ఆటగాళ్ల) కోచ్ ఉద్యోగం, రెండూ వచ్చాయి. జీతంలో పెద్ద తేడా లేదు. ఏది మంచిది?
– ఒక అక్క

జవాబు: నేనైతే డివిజన్ 2 అంటానమ్మా. అనలిస్ట్‌గా పెద్ద పేర్ల పక్కన కూర్చుంటాడు, ఫోన్‌లో మంచి నంబర్లు చేరతాయి, అది నిజంగా విలువైనదే. 2024లో నియమం మారి అనలిస్టులు కూడా మైదానంలో నేర్పవచ్చు, ఇదివరకు కుదిరేది కాదు. కానీ ఊళ్లు తిరిగి రిక్రూట్ చేసే హక్కు ఆ మార్పు తర్వాత కూడా హెడ్ కోచ్‌కీ పదిమంది అసిస్టెంట్లకే ఉంచారు. కాబట్టి అక్కడ రిక్రూటింగ్ నేర్చుకోవడం కష్టం, అది రానివాడికి ముందు ముందు పొజిషన్ కోచ్ ఉద్యోగం ఇవ్వడానికి వెనకాడతారు. చిన్న కాలేజీలో ఎనిమిది పదిమంది కుర్రాళ్లు అతని బాధ్యతే. వాళ్లని వెతికి తెచ్చేదీ, నేర్పేదీ, క్లాసుకి వెళ్లారా అని చూసేదీ అతనే. తప్పు నేర్పితే శనివారం మైదానంలో తెలిసిపోతుంది.

సంతకం పెట్టేముందు మాత్రం మూడు విషయాలు అడగమనండి. హెడ్ కోచ్ కాంట్రాక్ట్ ఇంకా ఎన్నేళ్లుంది? ఆయన్ని తీసేస్తే అసిస్టెంట్లకి మిగిలిన కాలానికి జీతం ఇస్తారా, ఇంకోచోట ఉద్యోగం దొరికితే ఆ మేరకు కోస్తారా? రిక్రూటింగ్‌కి ఏ ప్రాంతం ఇస్తారు? మూడోదానికి జవాబు అతను పెరిగిన ప్రాంతమే అయితే ఇంకేం ఆలోచించక్కర్లేదు, అక్కడి హైస్కూల్ కోచ్‌లు అతని ఫోన్ ఎత్తుతారు.