ధర అంటే ఏ ధర?

హన్మకొండ

బిడ్డా,

మడికొండ ఐటీ పార్కుల నౌకరి దొరికిందని, మొదటి పనే మార్కెట్ యార్డు సాఫ్ట్‌వేర్‌కు రిక్వైర్‌మెంట్లు, అంటే ప్రోగ్రాం ఏమేం చేయాల్నో, రాసుడని మీ బాపు చెప్పిండు. ఇరవై ఏండ్లు నేను చేసింది గదే పని.

అప్పట్ల ఒక మార్కెట్‌కు మేం మిర్చి అమ్మకాల ప్రోగ్రాం రాసినం. ఆఫీసుల కూసొని అడిగితే 'రోజూ ధర కనబడాలె' అన్నరు. ధర అంటే ధరే గదా అని ఒక్క గడి పెట్టినం. చూపెట్టిన రోజే లొల్లి షురువైంది. మార్కెట్ ఆఫీసు సార్లకు ధరంటే పొద్దుగాల జెండా పాటల, అంటే ఆ రోజు మొదటి వేలంల, పలికిన రేటు. రైతు సరుకు అమ్మిపెట్టే అడ్తిదారుకు ధరంటే తన ముందటి కుప్పకు ఖరీదుదారు ఇచ్చిన రేటు. రైతుకేమో ఖర్చులన్ని కోసినంక లెక్క చీటీ, అదే తక్‌పట్టీ మీద మిగిలే పైకం. ఒక్కరు గూడ మాకు అబద్ధం చెప్పలే. తప్పు మాదే, మళ్ల అడుగకపోవుడు. గడి ఒక్కటే గదా, ఇంకో రెండు పెడితే అయిపోతది అనుకునేవు. రసీదులు, రిపోర్టులు, బోర్డు మీది లెక్క అన్నీ దాని మీదనే కట్టినం. రెండు నెలల పని మళ్ల మొదటి నుంచి చేసినం.

అందుకే ముందుగాల మాటల పట్టిక రాసుకో. ధర, లాటు, బరువు ఎవరి నోట్లె ఏమైతదో చూడు. బరువంటే సంచితోనా, సంచి తీసేసినంకనా?

'ఎక్కువ', 'జల్ది' అనే మాటలు రాయనే రాయకు. పత్తికి 'తేమ ఎక్కువుంటే ధర కోయాలె' అంటరు. ఎంతుంటే ఎక్కువ? సర్కారు పత్తి సంస్థ సీసీఐ కొనుగోళ్లల్ల తేమ 8 శాతం దాకా పూరా మద్దతు ధర, ఆపైన 12 దాకా తేమను బట్టి కోత, 12 దాటితే కొనరు. గిట్ల రాస్తే టెస్టింగ్ పిల్లగాడు 8, 8.1, 12, 12.1 వేసి చూసుకుంటడు. 'ఎక్కువ' అని రాస్తే వాడేం వేస్తడు?

అడిగితే అందరు మామూలు రోజు ముచ్చటే చెప్తరు. వాన పడ్డ రోజు, కరెంటు పోయిన రోజు, బేరమయినంక సరుకు బాగలేదని ఖరీదుదారు అడ్డం తిరిగిన రోజు వాళ్ల యాదిల ఉండదు, అలవాటైపోయింది మరి. 'పోయిన సీజన్ల అన్నిటికంటె లొల్లైన రోజు ఏమైంది?' అని అడుగు. ఇగ ఆగరు.

మధ్యల కొత్త కోరికలు వస్తనే ఉంటయి. కాదనకు, సరే అని గూడ అనకు. తారీఖు ఏసి, ఎన్ని రోజులు పడుతదో పక్కన రాసి చూపెట్టు. సగం వాళ్లే వాపసు తీసుకుంటరు.

పెద్దసారు సంతకం పెట్టిండని మురువకు, నలభై పేజీలు ఆయన చదువడు. తక్‌పట్టీ ఎట్లొస్తదో కాయితం మీద గీసి గుమాస్తాకు చూపెట్టు. తప్పు ఆయన పడుతడు.

ఎల్లుండి ఎనుమాముల మార్కెట్‌కు పోతున్నవంట. జెండా పాట కంటె ముందే చేరుకో. ల్యాప్‌టాప్ సంచిలనే ఉండనియ్యి, నోటుబుక్కు చాలు. మిర్చి ఘాటుకు దస్తీ మర్చిపోకు. కాంటా వేసే దడ్వాయి పక్కన నిలబడు, కాంటా ఆగినప్పుడే అడుగు.

మీ పెద్దబాపు