మాల్దీవులకు వెళుతున్న టీచరమ్మకు

చిరంజీవి అమ్ములుకు పెద్దమ్మ ఆశీస్సులు.

మాల్దీవుల్లో టీచరు ఉద్యోగం వచ్చిందనీ, దీవిలో ఒక కుటుంబం తమ ఇంట్లోనే గది ఇచ్చి భోజనం కూడా పెడతారనీ మీ అమ్మ చెప్పింది. అలాంటి ఇంట్లోనే ఉండి అక్కడ పాఠాలు చెప్పి వచ్చినదాన్ని కాబట్టి ఊరికే అభినందించి వదిలిపెట్టను. జీతం, సెలవులు, సిలబస్ అన్నీ కాంట్రాక్టులో ఉంటాయి. ఇంట్లో ఎలా మెలగాలో ఏ కాగితంలోనూ ఉండదు.

ముందు తిండి సంగతి తేల్చుకో, ఎందుకంటే నువ్వు శాకాహారివి. అక్కడ చేప లేని పూట ఉండదు. పొద్దున్నే మాస్ హుని చేస్తారు. ట్యూనా చేప, కొబ్బరి కోరు, ఉల్లిపాయ, మిరప, నిమ్మరసం కలిపి రోషీ అనే పలుచని రొట్టెతో తింటారు. మధ్యాహ్నం అన్నంలోకి గరుదియా, అంటే చేప ఉడికించిన తేట చారు. దాన్నే గంటల తరబడి మరిగించి ముద్దగా చేస్తే రిహాకురు. సాయంత్రం టీతో పెట్టే హెదికా, అంటే చిరుతిళ్లు, వాటిలోనూ చాలావరకు చేపే ఉంటుంది. ముక్కలు తీసేశాను కదా, ఇక తినమ్మా అని ఆ ఇంటావిడ ప్రేమగా వడ్డిస్తుంది. ఆమె లెక్కలో అది శాకాహారమే. నువ్వు మొహమాటపడి మొదటి రోజు నవ్వుతూ తిన్నావంటే ఇక సంవత్సరమంతా అదే వడ్డన. చేరిన రోజే, ఇంట్లో అందరూ ఉన్నప్పుడు చెప్పెయ్. చేప తినను, చేప ఉడికిన నీళ్లూ తాగను, ఇది మా ఇంటి అలవాటు, మీ వంటకు వంక పెట్టడం కాదు అని. అంతటితో ఆపకు, తినేవేమిటో కూడా వెంటనే చెప్పు. మునగాకు, కరివేపాకు, గుమ్మడి, కొబ్బరి, పప్పు వాళ్ల వంటింట్లోనూ ఉంటాయి. కూరలో చేప వేయకముందే నీ గిన్నె విడిగా తీసిపెట్టమను. వారానికి ఒక పూట వంట నువ్వే చేస్తానను. పులిహోర చెయ్యి, ఆవకాయ రుచి చూపించు. కారానికి వాళ్లు భయపడతారని అనుకోకు. వాళ్ల గిథెయో మిరుస్ అనే మిరప ముందు మన గుంటూరు మిర్చి సాధుజంతువు. పొయ్యి ఎప్పుడు ఖాళీగా ఉంటుందో ముందు అడుగు. వంటిల్లు ఆమె రాజ్యం, అడగకుండా గిన్నె కదిపితే ఏ దేశపు ఇల్లాలికైనా నచ్చదు.

కూరగాయలు ఎక్కువగా రాజధాని మాలే నుంచి పడవలో వస్తాయి. నైరుతి రుతుపవనాల కాలంలో సముద్రం రేగితే అవి ఆలస్యమవుతాయి. కందిపప్పు, చింతపండు కొంచెం ఎక్కువే పట్టుకెళ్లు. దేవుడి విగ్రహాలు మాత్రం పెట్టెలో వద్దు. పూజా విగ్రహాలు, మద్యం, పంది మాంసం ఆ దేశంలోకి తీసుకెళ్లకూడదు. మీ అమ్మ ఎంత చెప్పినా చీర మడతల్లో చిన్న వినాయకుణ్ణి దోపుతుంది, బయలుదేరే ముందు నువ్వే వెతికి తీసెయ్. గదిలో కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంటే ఎవరూ కాదనరు. మందులకు డాక్టరు చీటీ వెంట ఉంచుకో.

స్కూలు ఆదివారం నుంచి గురువారం వరకు. శుక్రవారం మధ్యాహ్నం ప్రార్థన వేళ దుకాణాలు మూసేస్తారు. రంజాన్ నెలలో పగలు వీధిలోగానీ పిల్లల ముందుగానీ తినకు, నీళ్లు తాగకు. నీ ఒక్కదాని కోసం మధ్యాహ్నం వండమని కూడా అడగకు. తినేదేదో గదిలోనే తిను. సూర్యాస్తమయం వేళ వాళ్లు ఉపవాసం విడిచేటప్పుడు మాత్రం తప్పకుండా వెళ్లి వాళ్లతో కూర్చో.

రోజూ సాయంత్రం కూడా బయటికి రా. ఇంటి ముందు తాళ్లతో అల్లిన జోలీ కుర్చీలు ఉంటాయి. దీవిలో కబుర్లు, చుట్టరికాలు అన్నీ అక్కడే తెలుస్తాయి. వాళ్ల గడియారం మనకంటే అరగంట వెనుక. మీ అమ్మతో వీడియో కాల్ తర్వాత చేసుకోవచ్చు. మాట కలవడం కష్టం కాదు, హిందీ సినిమాల పుణ్యమా అని చాలామందికి హిందీ అర్థమవుతుంది. అయినా వాళ్ల భాష దివేహీ నాలుగు ముక్కలు నేర్చుకో. ఇంటి పెద్దమ్మాయిని దత్త అని పిలువు, అంటే అక్క. కబుర్లలో రాజకీయం వస్తే విని ఊరుకో. 1988లో అక్కడి ప్రభుత్వాన్ని కూలదోసే కుట్ర జరిగినప్పుడు మన సైన్యం వచ్చి ఆదుకున్న సంగతి పెద్దవాళ్లు చెబుతారు. 2023 ఎన్నికలకు ముందు 'ఇండియా ఔట్' నినాదం ఇచ్చినవాళ్లు కూడా అదే వీధిలో ఉండవచ్చు. నువ్వు రాయబారివి కావు.

డబ్బు విషయం మొదటి వారంలోనే కాగితం మీద రాసుకోండి. అద్దె ఎంత, భోజనం ఎంత, ఏసీ కరెంటు ఎవరిది, సెలవులకు ఇండియా వచ్చిన నెలలో ఎంత ఇవ్వాలి, అన్నీ. ఈ ఆఖరిదాని దగ్గరే ఎక్కువ మంది మనసులు విరిగాయి. రుఫియాలు, అంటే వాళ్ల డబ్బు, ప్రతినెలా ఒకే తేదీన ఇచ్చెయ్, అడిగించుకోకు.

అన్నిటికంటే చిక్కు, ఆ ఇంటి పిల్ల నీ క్లాసులోనే ఉండటం. జనాభా వెయ్యికి లోపే ఉన్న దీవులు చాలా ఉన్నాయి, కాబట్టి అది జరిగి తీరుతుందనుకో. రాత్రి భోజనం దగ్గర మార్కులు అడుగుతారు. అదనంగా చదువు చెప్పమంటారు. చెప్పు, కానీ పక్కింటి పిల్లను కూడా కూర్చోబెట్టుకుని చెప్పు, లేకపోతే ఊళ్లో మాట పడతావు. ప్రశ్నపత్రాలు ఇంటికి తేకు. మార్కుల మాట స్కూల్లోనే అని మొదటిసారి నవ్వుతూ చెప్పు. రెండోసారి నవ్వకుండా చెప్పు.

ఇంకొకటి, ఆడపిల్లవు కనుక రాస్తున్నాను. గది తలుపుకు లోపలి గడియ ఉందో లేదో పెట్టె విప్పకముందే చూడు. లేకపోతే ఆ రోజే బిగించమని అడుగు. స్నానాల గది చాలా ఇళ్లలో పెరట్లో, పైకప్పు లేకుండా ఉంటుంది, దాన్ని గిఫిలి అంటారు. దాని తలుపు కూడా చూసుకో. ఇంట్లో ఎవరి తీరైనా ఇబ్బందిగా అనిపిస్తే, అన్నం పెట్టిన ఇల్లు కదా అని ఓర్చుకోకు. ప్రిన్సిపాల్‌తో చెప్పి గది మార్చుకో. మాలేలోని మన హైకమిషన్ నంబరు ఫోనులోనే కాకుండా కాగితం మీద కూడా ఉంచుకో.

వెళ్లకముందే స్కూలువాళ్లను అడిగి ఆ ఇంటావిడ నంబరు తీసుకుని ఒకసారి మాట్లాడు. చేప సంగతి అప్పుడే చెప్పేస్తే మొదటి పూట ఇద్దరికీ ఇబ్బంది తప్పుతుంది. పడవ ఏ రోజుల్లో వస్తుందో, ఇండియా నుంచి ఆమెకు ఏమైనా తేవాలో అడుగు. ఆమె వద్దంటుంది, అయినా ఒక మంచి కాటన్ దుప్పటి పట్టుకెళ్లు.

ఇట్లు,
మీ పెద్దమ్మ