టెక్సాస్‌లో కౌన్సెలర్ లైసెన్స్‌కి మన ఎమ్మెస్సీ చాలదా?
హైదరాబాద్‌లో చేసిన ఎమ్మెస్సీ సైకాలజీతో డాలస్‌లో నేరుగా ఎల్‌పీసీ (లైసెన్స్‌డ్ ప్రొఫెషనల్ కౌన్సెలర్) లైసెన్స్‌కి అప్లై చేయొచ్చా అని అడిగారు కదా. కష్టమేనండీ. టెక్సాస్ బోర్డు 60 క్రెడిట్ల కౌన్సెలింగ్ మాస్టర్స్, అందులో 300 గంటల ప్రాక్టికమ్, అంటే చదువులో భాగంగా చేసే కౌన్సెలింగ్ శిక్షణ, అడుగుతుంది. నాకు తెలిసి మనవాళ్లు ఆగిపోయేది ఆ ప్రాక్టికమ్ దగ్గరే. అందుకే ముందు డిగ్రీ ఇవాల్యుయేషన్ (మన డిగ్రీ అక్కడి డిగ్రీకి ఎంతవరకు సమానమో చూడటం) చేయించండి, ఏవి తక్కువయ్యాయో తేలుతుంది.

తర్వాత ఎన్‌సీఈ అనే జాతీయ కౌన్సెలర్ పరీక్ష, టెక్సాస్ చట్టాల మీద ఇంకో పరీక్ష. అవి పాసయ్యాక కూడా ముందు వచ్చేది అసోసియేట్ లైసెన్సే. దాంతో సూపర్వైజర్ కింద 3,000 గంటలు, కనీసం 18 నెలలు పనిచేయాలి. అందులో 1,500 గంటలు క్లయింట్లతో నేరుగా గడిపినవై ఉండాలి. కూర్చుని నోట్స్ రాసుకున్న టైమ్ ఈ 1,500లోకి రాదు. సూపర్వైజర్‌కి బోర్డు గుర్తింపు ఉందో లేదో మొదటి రోజే చూసుకోండి, లేకపోతే ఆ గంటలన్నీ వృథా. హెచ్4 (డిపెండెంట్ వీసా) మీద ఉంటే జీతం తీసుకోవడానికి ఈఏడీ, అంటే వర్క్ పర్మిట్, కూడా కావాలి.