పొత్తిళ్లు తల్లివా, బట్టవా?

సందేహం: మా అక్క మనవరాలి బారసాలకు పాత నేత చీరలతో ఒక చిన్న బొంత, రెండు పొత్తిగుడ్డలు, ఒక కుళ్లాయి, మెడకు కట్టే బిబ్ కుట్టి ఇచ్చాను. చూసినవాళ్లు మాకూ కుట్టిపెట్టమంటున్నారు. సంచిలో పెట్టి ఇవ్వడానికి చిన్న కార్డు వేయిద్దామని ‘తల్లి పొత్తిళ్లంత వెచ్చగా... చేతితో తయారు చేయబడిన శిశు బహుమతులు’ అని రాసుకున్నాను. మా వీధిలో ఉండే రిటైర్డ్ తెలుగు మాస్టారు అది చూసి, ‘పొత్తిళ్లంటే బట్టలమ్మా. గుడ్డను గుడ్డంత వెచ్చగా ఉంటుందని చెబుతున్నావు’ అని నవ్వారు. పేపర్లో రోజూ ‘తల్లి పొత్తిళ్లలో’ అనే రాస్తున్నారు కదా అని మా అమ్మాయి వాదన. ఎవరిది ఒప్పు? పత్తి నుంచే పొత్తి వచ్చిందా? బిబ్‌కి తెలుగు మాట ఉందా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: మాస్టారిది ఒప్పు. అలాగని మీ అమ్మాయిది తప్పు అనడానికి నాకు పూర్తిగా నోరు రావడం లేదు. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిక పట్టాలి.

పొత్తి అంటే బట్ట. పొత్తిలి అంటే పసిబిడ్డను పడుకోబెట్టే, చుట్టబెట్టే బట్ట. వాకిలి వాకిళ్లయినట్టు పొత్తిలి పొత్తిళ్లయింది. నిఘంటువులు ఈ మాత్రం చెప్పి ఊరుకుంటాయి. చిక్కు అక్కడ లేదు. ‘పొత్తిలి’ అని ఏకవచనంలో ఈ మధ్య ఎవరి నోటైనా విన్నారా? ‘పొత్తిళ్లు ఉతికాను’, ‘పొత్తిళ్లు ఆరేశాను’ అని? నేను వినలేదు. ఆ మాటకు ఇప్పుడు మిగిలింది ఒక్కటే రూపం, ‘పొత్తిళ్లలో’. అదీ ముందు ‘తల్లి’ అని తగిలిస్తేనే. ఉతికి ఆరేసినన్నాళ్లూ అది బట్ట అని అందరికీ తెలుసు. ఉతకడం మానేసి, వాడి పారేసే డైపర్లు వచ్చాక, ‘పొత్తిళ్లు’ తల్లి ఒంటి మీద ఎక్కడో ఉండే చోటు అనుకోవడం మొదలైంది.

మా చిన్నప్పుడు ఇంట్లో ఎవరైనా పురిటికి వస్తున్నారంటే మా నాయనమ్మ ముందు తాతగారి పాత పంచెలు లెక్కపెట్టేది. పంచె అంచుకు పళ్లతో చిన్న గాటు పెట్టి చర్రున చింపితే నూలు వెంబడి తిన్నగా చిరిగేది. కత్తెర అక్కర్లేదు. కొత్త బట్టలో గంజి ఉంటుంది, పసిగుడ్డు ఒళ్లు ఒరుసుకుంటుంది. ఏళ్ల తరబడి ఉతికిన పంచె వెన్నలా ఉంటుంది, తడిని ఇట్టే పీలుస్తుంది. పెరట్లో తీగ మీద వరసగా ఆరే ఆ చదరపు ముక్కల్ని మేం పొత్తిగుడ్డలనే అనేవాళ్లం. పొత్తి అన్నా గుడ్డే కాబట్టి పునరుక్తి కదా అంటారేమో. ‘నడిసెంటర్’ అని మాట్లాడుకునే ఊళ్లో ఉంటూ ఆ మాత్రానికి అభ్యంతరం చెప్పలేను. మొదటి మాట అర్థం మసకబారినప్పుడు జనం పక్కన తెలిసిన మాటను కాపలా పెట్టుకుంటారు.

బట్ట పేరు తల్లి మీదికి ఎలా ఎక్కింది? నా అనుమానం కౌగిలి మీద. కౌగిలి, కౌగిళ్లు; పొత్తిలి, పొత్తిళ్లు. ‘తల్లి కౌగిళ్లలో’ అన్న చోట ‘తల్లి పొత్తిళ్లలో’ అంటే చెవికి తేడా తెలియదు. ప్రాస బాగా కుదిరిన చోట అర్థాన్ని ఎవరూ పట్టించుకోరు. నాతో కాలేజీలో పనిచేసిన మిత్రుడొకాయన ఇంకో దారి పట్టాడు. ముంగిలిలో, వాకిలిలో, లోగిలిలో ఇల్లు ఉన్నట్టే పొత్తిలిలోనూ ఇల్లు ఉందనీ, పొత్తి ఇల్లు అంటే గుడ్డతో కట్టిన ఇల్లు అనీ. వినడానికి ఎంత బాగుందో! కానీ అదే లెక్కన పుక్కిలిలోనూ ఇల్లు వెతకాలి. ఒప్పుకోలేదని ఆయన నాతో వారం మాట్లాడలేదు.

నాకు నచ్చిన దారి వేరు. పొదువుకోవడం అంటే చుట్టూ కమ్మి దగ్గరకు తీసుకోవడం. కోడి గుడ్లను పొదుగుతుంది. కంసాలి ఉంగరంలో రాయిని పొదుగుతాడు. బాణాలు దాచుకునేది అమ్ములపొది. మంగలి సామాను పెట్టుకునేదీ పొదే. అన్నిటిలోనూ ఒకదాన్ని ఇంకొకటి కప్పి, లోపల పెట్టుకుని, కాపాడుతోంది. తమిళంలో ‘పొత్తు’ అనే క్రియకు మూయడం, కప్పడం అని అర్థం. చేత్తో నోరు మూసుకోవడాన్ని వాళ్లు ‘వాయ్ పొత్తు’ అంటారు. మన పొత్తిలి ఈ కుటుంబంలోదేనని నా నమ్మకం. అప్పుడు చూడండి: పసి‘గుడ్డు’, దాన్ని ‘పొదిగే’ పొత్తిలి. (పసిగుడ్డులో ఉన్నది గుడ్డు, గుడ్డ కాదు. ఈ ప్రశ్న కూడా నెలకొకటి వస్తుంది.) ఈ ఊహ నిజమైతే పొత్తిలి అనే మాటలో బట్ట కన్నా ముందు కమ్ముకోవడమే ఉంది. తల్లి చేతులూ చేసేది అదే పని. మీ అమ్మాయిది తప్పనడానికి నోరు రాకపోవడం ఇందుకే. నమ్మకం అన్నాను, రుజువు అనలేదు. మాస్టారికి ఈ ముక్క చదివి వినిపించేటప్పుడు ఆ తేడా కూడా చెప్పండి.

పత్తికీ పొత్తికీ సంబంధం లేదు. పత్తి పాత రూపం ప్రత్తి. తమిళంలో పరుత్తి. రెండింటిలోనూ రేఫ, అంటే ‘ర’ ధ్వని, ఉంది. మీ గుంటూరు పక్కనున్న ప్రత్తిపాడు పేరులో ఆ రేఫ ఇప్పటికీ పలుకుతోంది. పొత్తిలో ఎప్పుడూ రేఫ లేదు. పత్తితో నేసిన పొత్తి ఉండొచ్చు గాని పత్తి నుంచి పుట్టిన పొత్తి లేదు.

మిగిలిన పొత్తుల సంగతి క్లుప్తంగా. పాత తెలుగులో పొత్తున కుడవడం అంటే కలిసి తినడం. ఎన్నికలప్పుడు మా బెజవాడలో చెవులు గింగురుమనే పొత్తుకు మూలం అదే, ఆ కుడవడంతో సహా. పొత్తికడుపు వేరు. పొత్తం అంటే పుస్తకం, అదీ వేరు. మొక్కజొన్న పొత్తు ఒక్కటే నన్ను ఊరిస్తుంది. పొర మీద పొర చుట్టుకుని, కొసన ఇంత పీచు జుట్టు బయటపెట్టి, అచ్చం పొత్తిళ్లలో బిడ్డలా ఉంటుంది. అందుకే ఆ పేరు వచ్చిందని రాయాలని నలభై ఏళ్లుగా ఆశ. ఆశే గాని చేతిలో ఆధారం లేదు.

గుంటూరు నుంచి పసిపిల్లల ఊసుతో ఉత్తరం వస్తే జాషువాను తలవకుండా వదలడం నా వల్ల కాదు. 1895లో వినుకొండలో పుట్టి, 1971లో గుంటూరులోనే కన్నుమూసిన ఆ మహాకవి శిశువు మీద రాసిన పద్యాలు మీ ఊళ్లో ఒకప్పుడు చదువు రానివాళ్లకు కూడా నోటికి వచ్చేవి. బొటనవేల్లోనే ముల్లోకాలూ చూసి లోలోపల ఆనందపడే పసివాణ్ణి ఆయన ‘నోరులేని యోగి’ అన్నాడు. ఇంకోచోట ‘అమ్మతో తనకెంత సంబంధమున్నదో, ఏడ్చి యూడిగము చేయించుకొనును’ అంటాడు. ఆ ‘ఊడిగము’ దగ్గర ఆగండి. సేవ అనలేదు, ప్రేమ అనలేదు, లాలన అసలే అనలేదు. ఊడిగం అంటే యజమాని కింద చేసే చాకిరీ. మూరెడు లేని యజమాని ఒక్క ఏడుపుతో అమ్మ చేత చాకిరీ చేయించుకుంటున్నాడు. అర్ధరాత్రి లేచి తడిసిన పొత్తిళ్లు మార్చడం అంతా ఆ ఒక్క మాటలో ఇమిడిపోయింది. ఇవాళ ఇదే సంగతి రాయమంటే ‘మాతృమూర్తి పొత్తిళ్లలో ఒదిగిన చిన్నారి’ అని కళ్లు మూసుకుని రాసిపారేస్తాం.

ఆ పద్యాల చివర ఇంకో చమత్కారం ఉంది. ‘ముక్కుపచ్చలారని’ అనే మాట మనకు ఎప్పుడూ వ్యతిరేక రూపంలోనే కనిపిస్తుంది, పేపర్లో అయితే ఏదో ఘోరం జరిగినప్పుడే. అప్పుడే పుట్టిన బిడ్డ ముక్కు మీది పచ్చిదనం ఆరలేదని దాని అర్థం. జాషువా ‘ముక్కుపచ్చలారిపోయి ప్రాయము వచ్చి’ అని ఆ మాటను తిరగేశాడు. ఆరనీ, పెద్దవాడు కానీ, చదువు సంధ్య నేర్వనీ అని దీవెనగా మార్చాడు. ఒకే రూపంలో బిగుసుకుపోయిన మాటను విప్పి మళ్లీ నడిపించడం అంటే అది. పొత్తిళ్లకు ఆ అదృష్టం ఇంకా పట్టలేదు. మీ సూది వల్ల పడుతుందేమో.

ఇక తీర్పు. వార్తలోనూ కార్డులోనూ పొత్తిళ్లంటే బట్టలనే రాయండి. తల్లి గురించి చెప్పాలంటే ఒడి ఉంది, ఎద ఉంది, చంక ఉంది, కౌగిలి ఉంది, ఏం తక్కువని? కవిత్వంలో ‘తల్లి పొత్తిళ్లు’ అంటే లక్షణగా, అంటే అసలు అర్థం బదులు దానికి దగ్గరి అర్థం తీసుకుని, సరిపెట్టుకోవచ్చు. గంగలో పల్లె అంటే గంగ ఒడ్డున పల్లె అని సర్దుకోవడం లేదూ? బిడ్డ ఉన్నది బట్టలో, బట్ట ఉన్నది తల్లి చేతిలో. నేనైతే రాయను. రాసినవాళ్ల మీదికి కర్ర పట్టుకుని వెళ్లను. మీ కార్డులో మాత్రం కుదరదు. మాస్టారన్నట్టు గుడ్డకు గుడ్డే ఉపమానం అవుతోంది. ‘తల్లి ఒడిలా వెచ్చని పొత్తిళ్లు’ అని తిప్పి రాస్తే ఆయనా ఒప్పుకుంటారు, మీ అమ్మాయికి ముచ్చటైన మాటా మిగులుతుంది.

పొత్తిళ్లలో బిడ్డను పెడతారు, చుడతారు, కట్టరు. ఈ క్రియ విషయంలో భాషా, వైద్యమూ ఒకటే చెబుతున్నాయి. కాళ్లు చాపి బిగించి కడితే తుంటి కీళ్లకు మంచిది కాదని డాక్టర్లు అంటున్నారు. నడుము కింద వదులుగా, మోకాళ్లు మడుచుకునేలా ఉంచాలట. బొంత కూడా మెలకువగా ఉన్నప్పుడు కింద పరిచి ఆడించడానికే, నిద్రలో పైన కప్పడానికి కాదు.

కార్డులో మిగతా మాటలు చూస్తే నాకు కోపం వచ్చింది. ‘తయారు చేయబడిన’ ఏమిటి తల్లీ? ఎవరి చేత చేయబడింది? మీ చేతికి సిగ్గా? ‘చేతికుట్టు’ అని ఒక్క అక్షరం ఎక్కువ లేని మాట మన ఇళ్లలో ఉంది. అయితే మిషను మీద కుట్టి చేతికుట్టు అని వేయకండి, అది భాషాదోషం కాదు, ఇంకో దోషం. ‘శిశు బహుమతులు’ అంటే ఆ పిల్ల ఏ పోటీలో నెగ్గిందని? కానుక అనండి. అంతకన్నా మంచి మాట మీ ఉత్తరం మొదటి వాక్యంలోనే ఉంది. బారసాల అసలు రూపం బాలసారె. నోళ్లలో నలిగి అక్షరాలు చోట్లు మార్చుకున్నాయి. సారె అంటే పుట్టింటివాళ్లు ఇచ్చే బట్టలు, కానుకలు. ‘బాలసారె’ అని పైన ఒక్క మాట వేయించండి, కింద ఏమీ రాయకపోయినా పరవాలేదు.

బొంత అనడానికి చిన్నతనం అనుకుని క్విల్ట్ అనొద్దు. పొత్తు పెట్టుకున్న ప్రభుత్వాలను అతుకుల బొంత అని తిట్టి ఆ మాట పరువు తీశారు గాని, పొరలన్నీ కలిపి వరసగా టాకాలు వేసిన బొంత ఏ ప్రభుత్వం కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. కుళ్లాయి పారసీ నుంచి వచ్చిన మాట. కర్ణాట రాజ్యానికి వెళ్లి ‘కుళ్లాయుంచితి’ అని శ్రీనాథుడు వాపోయింది దాని గురించే.

బిబ్‌ను మా ఇంట్లో చొంగగుడ్డ అనేవాళ్లం. కార్డు మీద అచ్చు వేయడానికి మొహమాటంగా ఉంటే బిబ్ అనే ఉంచండి. దానికి గుండీ మాత్రం కుట్టకండి, ఊడితే నేరుగా నోట్లోకి పోతుంది. మెడ వెనక ముడి వేసే పొట్టి నాడాలు చాలు, నిద్రపుచ్చే ముందు అవీ విప్పేయాలి.