రెండు గీతలకు అర్థం: పాఠకుల ప్రశ్నలకు వైద్యుని సమాధానాలు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది అనంతపురం. పదిహేనేళ్లుగా బెంగళూరులో మారతహళ్లి దగ్గర ఉంటున్నాం. మా అబ్బాయికి 19 ఏళ్లు, ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఆరు నెలలుగా రాత్రంతా మేలుకొని పగలంతా పడుకుంటున్నాడు, మాట ముద్దగా వస్తోంది, నా పర్సులో డబ్బు రెండుసార్లు పోయింది. వాడి బ్యాగులో పేరున్న చోట చింపేసిన ఖాళీ మాత్రల అట్టలు దొరికాయి. షుగరు పరీక్ష అని అబద్ధం చెప్పి మూత్రం తీసుకుని, మత్తుమందులను పట్టే కిట్టు కొని ఇంట్లోనే పరీక్షించాను. అన్ని పట్టీల మీదా రెండేసి గీతలు వచ్చాయి, ఒకదాని మీద మాత్రం రెండో గీత లేతగా ఉంది. అది చూసి వాళ్ల నాన్న వాడి మీద చెయ్యి చేసుకున్నారు. నాలుగు రోజులుగా వాడు మాతో మాట్లాడటం లేదు. ఏం చెయ్యమంటారు?
– ఒక తల్లి, బెంగళూరు

సమాధానం: అమ్మా, మీరు చూసిన రెండు గీతలకు అర్థం ఆ మందులేవీ దొరకలేదని. గర్భ పరీక్షలో రెండు గీతలు వస్తే అవునని అర్థం కనుక ఇక్కడా అంతేనని అనుకుని పొరబడిన తల్లిదండ్రులు మీరొక్కరే కారు. ఈ పట్టీ పనిచేసే తీరు దానికి పూర్తిగా వ్యతిరేకం. పట్టీలో రంగు పూసిన యాంటీబాడీలు, అంటే ఆ మందును గుర్తించి పట్టుకునే ప్రొటీన్లు, ఉంటాయి. మూత్రంలో మందు లేకపోతే అవి ముందుకు పాకి పరీక్ష గీత దగ్గర అతుక్కుంటాయి కాబట్టి అక్కడ గీత కనిపిస్తుంది. మందు ఉంటే ఆ యాంటీబాడీలను అదే పట్టేసుకుంటుంది కనుక గీత ఏర్పడదు. పైనున్న కంట్రోల్ గీత (పట్టీ సరిగా పనిచేసిందని చూపేది) ఒక్కటే మిగిలితేనే అనుమానించాలి. లేత గీత కూడా గీతే. ఈ విషయం ఈ రోజే మీవారికి చెప్పండి.

అయితే పిల్లవాడికి ఏమీ లేదని దీన్నిబట్టి తేల్చుకోవద్దు. మీరు వ్రాసిన లక్షణాలలో నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నవి ముద్దమాట, ఆ చింపిన అట్టలు. కిట్టు అన్ని మందులనూ చూడలేదు. ఏ పట్టీ ఏ పదార్థం కోసం తయారైందో దాన్ని, దానికి దగ్గరి పోలిక ఉన్నవాటినే అది గుర్తిస్తుంది. నల్లమందు జాతి మందులకు పెట్టిన పట్టీ నల్లమందులోని ప్రధాన మత్తు పదార్థమైన మార్ఫిన్‌ను వెతుకుతుంది, కాబట్టి నొప్పి మాత్రలుగా అమ్మే ట్రమడాల్, టపెంటడాల్ వంటివి దాని కంటికి ఆనకపోవచ్చు. నిద్రమాత్రల జాతికి పెట్టిన పట్టీలు చాలావరకు ఆక్సజెపామ్ అనే పదార్థం కోసం తయారైనవి. డయాజెపామ్ శరీరంలో ఆక్సజెపామ్‌గా మారుతుంది గనుక దొరుకుతుంది, క్లోనజెపామ్, లోరజెపామ్ అలా మారవు కాబట్టి తరచుగా తప్పించుకుంటాయి. మెఫెడ్రోన్, ఎల్‌ఎస్‌డీ, వైట్నర్, పంక్చర్ సొల్యూషన్ వంటివాటికి ఈ మామూలు కిట్లలో పట్టీయే ఉండదు. కాలం సంగతీ ఉంది. కొకైన్ ఆనవాళ్లు మూత్రంలో రెండు నుంచి నాలుగు రోజులు, యాంఫెటమిన్ జాతివి రెండు మూడు రోజులు ఉంటాయి. గంజాయి ఒక్కసారి తాగితే సుమారు మూడు రోజులు కనిపిస్తుంది, కానీ అది కొవ్వులో దాగి నెమ్మదిగా బయటికి వస్తుంది కనుక రోజూ తాగేవారిలో నెల దాటినా దొరుకుతుంది.

మాత్రలు మందుల షాపులో దొరికేవే కదా, గంజాయి, హెరాయిన్‌లంత ప్రమాదం కాదని పిల్లలు అనుకుంటారు. నిజానికి ప్రాణం తీసే దారి వీటిలోనూ అదే. టపెంటడాల్ వంటివి మెదడులో ఊపిరిని నడిపే కేంద్రాన్ని మందగింపజేస్తాయి. వాటికి మద్యమో, నిద్రమాత్రలో తోడైతే మనిషి నిద్రలోనే ఊపిరి ఆగి పోవచ్చు. కొందరు మాత్రలను నూరి నీళ్లలో కలిపి నరానికి ఎక్కించుకుంటున్నారు. మాత్రలో మందును పట్టి ఉంచే పిండిపదార్థం నీళ్లలో కరగదు. అది ఊపిరితిత్తుల సన్నని రక్తనాళాలలో ఇరుక్కుంటుంది, ఇక సూది పంచుకున్నవారికి హెచ్ఐవీ, హెపటైటిస్ సి ఉండనే ఉన్నాయి. అబ్బాయి ఎప్పుడైనా ఎంత కుదిపినా లేవకుండా, గురక పెడుతూ లేదా ఊపిరి మరీ నెమ్మదించి, పెదవులు నీలిగా కనిపిస్తే, పొద్దున్నకు తేరుకుంటాడని ఎదురుచూడకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. నల్లమందు జాతి మందు వల్ల ఆగుతున్న ఊపిరిని నాలోక్సోన్ అనే ఇంజెక్షన్ తిరిగి నడిపించగలదు.

ఇంకో హెచ్చరిక. ఉన్న మాత్రలన్నీ చెత్తబుట్టలో పారేసి గదికి తాళం వేసే పని మాత్రం చెయ్యవద్దు. రోజూ నిద్రమాత్రలు మింగే శరీరానికి అవి ఒక్కసారిగా ఆగిపోతే ఫిట్స్ రావచ్చు, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. తెలంగాణ పల్లెల్లో ఆల్ప్రజోలం అనే నిద్రమాత్రల జాతి మందు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడినవారు అది దొరకని రోజున వణుకుతో, ఫిట్స్‌తో, లేనివి ఉన్నట్టు కనబడుతూ ఆస్పత్రులకు చేరేది ఇందుకే. మోతాదును వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలి, అది వైద్యుడి పర్యవేక్షణలోనే జరగాలి.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. షుగరు పరీక్ష అని చెప్పింది అబద్ధమని మీరే మీ అబ్బాయికి చెప్పండి. కొట్టినందుకు మీవారు క్షమించమని అడిగితే ఆయన పెద్దరికానికి ఏ లోటూ రాదు. దొంగచాటుగా చేసిన పరీక్ష ఫలితం ఎంత నిజమైనా దానితో చికిత్స మొదలుకాదు, ఎందుకంటే ఆ తర్వాత పిల్లవాడు డాక్టరుకు కూడా నిజం చెప్పడు; ఏ మాత్ర, రోజుకెన్ని, ఎన్నాళ్లుగా అన్నది అతని నోటి నుంచి వస్తే అది పది పట్టీలకంటే ఎక్కువ సాయం చేస్తుంది. పైగా 19 ఏళ్లవాడికి తన శరీరం మీద జరిగే పరీక్షకు సమ్మతి ఇచ్చే హక్కు తనదే. హోసూరు రోడ్డులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో వ్యసన చికిత్సకు ప్రత్యేక విభాగం ఉంది. చింపిన అట్టల ముక్కలను పారేయకుండా తీసుకువెళ్లండి. రేకు మీద మిగిలిన రెండు మూడు అక్షరాలతోనైనా మందును పోల్చుకోగలిగే అవకాశం ఉంది. ఇంట్లో మళ్లీ మళ్లీ కిట్లు కొని పరీక్షించడం మానెయ్యండి.

ప్రశ్న: నేను కె.ఆర్.పురంలో ఉంటాను. కొత్త ఉద్యోగం కోసం చేసిన వైద్య పరీక్షలో నా మూత్రంలో ఓపియేట్ (నల్లమందు జాతి మందు) పాజిటివ్ అని వచ్చిందట. నేను సిగరెట్టు కూడా ముట్టను. అంతకు ముందు రోజు కన్నడ మిత్రుడి ఇంట్లో గసగసె పాయస రెండు గ్లాసులు తాగాను, ఆ వారం దగ్గు సిరప్ కూడా వాడాను. ఉద్యోగం పోతుందేమోనని నిద్ర పట్టడం లేదు.
– ఒక పాఠకుడు

సమాధానం: మీరు చెప్పినవి రెండూ ఆ ఫలితానికి కారణం కాగలవు. గసగసాలు నల్లమందు మొక్క గింజలే. కాయ నుంచి కారే పాలు గింజలకు అంటుకుని ఉంటాయి కనుక వాటిలో కొద్దిపాటి మార్ఫిన్ ఉంటుంది. మన కూర మసాలాలో పడే చెంచాడు కన్నా గ్లాసుల కొద్దీ పాయసంలో అది ఎక్కువ. ఈ గింజల మూలంగానే అమెరికా ప్రభుత్వ ఉద్యోగ పరీక్షల్లో ఓపియేట్లను పాజిటివ్‌గా లెక్కించే హద్దును 1998లో మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల నుంచి 2000కు పెంచారు. పాత హద్దుతో తయారైన కిట్లు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. గల్ఫ్‌కు వెళ్లే మనవాళ్లు సామానులో గసగసాలు పెట్టుకోకూడదని చెప్పేది కూడా వీటివల్లే. యూఏఈలో, సౌదీలో అవి నిషేధం. దగ్గు సిరప్‌లో కోడీన్ ఉంటే అది శరీరంలో కొంత మార్ఫిన్‌గా మారుతుంది, కాబట్టి సీసా మీది పేరు చూడండి.

పట్టీ మీద వచ్చింది ప్రాథమిక ఫలితం మాత్రమే, దానితో ఒక మనిషి ఉద్యోగాన్ని తీసేయడం అన్యాయమని నా నిశ్చితాభిప్రాయం. దాచి ఉంచిన అదే నమూనాను గ్యాస్ క్రోమటోగ్రఫీ లేదా లిక్విడ్ క్రోమటోగ్రఫీతో కూడిన మాస్ స్పెక్ట్రోమెట్రీ ద్వారా నిర్ధారించమని లిఖితపూర్వకంగా, ఆలస్యం చేయకుండా అడగండి. ఆ యంత్రం మూత్రంలోని పదార్థాలను ఒకదాని నుంచి ఒకటి విడదీసి, ప్రతి అణువునూ దాని బరువు, ముక్కలయ్యే తీరు బట్టి పోల్చుకుంటుంది. హెరాయిన్ వాడినవారిలో మాత్రమే పుట్టే 6-ఎసిటైల్‌మార్ఫిన్ అందులో కనిపిస్తే సందేహానికి చోటులేదు. అయితే అది ఒక రోజులోపే పోతుంది కనుక, కనిపించనంత మాత్రాన రుజువు పూర్తికాదు. గసగసాలలో ఉండే థెబైన్ దొరికితే అది మీ మాటకు బలం. సిరప్ చీటీని, పరీక్షకు ముందు వారం వాడిన మందుల జాబితాను దరఖాస్తుకు జతచెయ్యండి. మళ్లీ కొత్త నమూనా ఇస్తానంటే వారు ఒప్పుకోవచ్చు గానీ, ఆ రోజు ఏముందో చెప్పేది పాత నమూనాయే.

ప్రశ్న: మా తమ్ముడికి 24 ఏళ్లు, హెరాయిన్ అలవాటయింది. చికిత్సకు సిద్ధపడ్డాడు. ఆస్పత్రికి తీసుకువెళితే పోలీసు కేసు అవుతుందని నాన్నగారు భయపడుతున్నారు. నిజమేనా?
– ఒక అక్క, బీటీఎం లేఅవుట్

సమాధానం: 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం 27వ సెక్షన్ ప్రకారం వాడకం కూడా నేరమే, అందుచేత మీ నాన్నగారి భయం ఊరికే పుట్టింది కాదు. కానీ అదే చట్టంలోని 64ఎ సెక్షన్, ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన ఆస్పత్రిలో తనంతట తాను చికిత్స పొందే వ్యసనపరుడికి వాడకం విషయంలో, కొద్ది పరిమాణానికి సంబంధించిన నేరాల విషయంలో విచారణ నుంచి రక్షణ ఇస్తోంది. చికిత్స పూర్తిచేయకపోతే ఆ రక్షణను వెనక్కి తీసుకోవచ్చు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగి వివరాలను గోప్యంగా ఉంచే బాధ్యత వైద్యులది. ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోలేకపోతే 14446కు ఫోన్ చెయ్యండి, అది వ్యసన విముక్తికి జాతీయ సహాయ నంబరు, ఖర్చు ఉండదు.

మీరు ముఖ్యంగా గుర్తుపెట్టుకోవలసింది వేరొకటి ఉంది. కొన్ని వారాలు మత్తుమందు మానిన శరీరం పాత మోతాదును తట్టుకునే శక్తిని కోల్పోతుంది. ఇంటికి వచ్చాక ఒకసారి తడబడి, వెనుకటి లెక్కనే తీసుకున్నవారిలో మరణాలు జరుగుతున్నాయి. హెరాయిన్ కోరికను అదుపు చేసే బ్యూప్రెనార్ఫిన్ వంటి మందును వైద్యుడు నెలల తరబడి ఇస్తానంటే, ఒక మత్తు పోయి ఇంకొకటి వచ్చిందని అనుకుని మధ్యలో ఆపించకండి. ఇంటికి వచ్చిన మొదటి రెండు మూడు నెలలు తమ్ముడిని ఒంటరిగా గదిలో పడుకోనివ్వకండి.