ముక్కు నుంచి కారే నీరు: రెండు స్కాన్లు ఎందుకు?

ప్రశ్న: మా అమ్మకు 48 ఏళ్లు. నాలుగు నెలలుగా ముందుకు వంగితే చాలు, కుడి ముక్కు నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా పడుతున్నాయి. జలుబు మందులతో తగ్గలేదు. అది మెదడు చుట్టూ ఉండే ద్రవమేనని పరీక్షలో తేలింది. ఇప్పుడు సీటీ, ఎంఆర్‌ఐ రెండూ చేయించమంటున్నారు. రెండూ అవసరమా?

జవాబు: అవసరమేనండి. ముక్కు పైకప్పుకూ మెదడుకూ నడుమ, వాసన నరాలు దిగే సన్నని రంధ్రాలతో జల్లెడలా ఉండే పలుచని ఎముక ఉంటుంది. ద్రవం ఎక్కువగా ఆ చుట్టుపక్కల నుంచే కారుతుంది. మిల్లీమీటరుకన్నా పలుచని పొరలుగా తీసే సీటీ ఎముక ఎక్కడ చీలిందో చూపుతుంది. కాకపోతే సహజంగానే పలుచబడిన ఎముక కూడా అందులో రంధ్రంలా కనిపించి, సర్జన్‌ను తప్పుదారి పట్టించవచ్చు. ఎంఆర్‌ఐలోని టీ2 అనే రకం చిత్రాల్లో ద్రవం తెల్లగా మెరుస్తుంది కనుక, ఆ చీలిక మీదుగా ముక్కులోకి దిగే తెల్లని చారను, దానితోపాటు మెదడు పొర ఏమైనా జారి ఉంటే దాన్నీ గుర్తించవచ్చు. తలలో ఒత్తిడి పెరిగిన ఆనవాళ్లూ అందులోనే దొరుకుతాయి. ఆ ఒత్తిడిని పట్టించుకోకపోతే, ఆపరేషన్‌తో చీలికను పూడ్చిన చోట మళ్లీ కారే ప్రమాదం ఉంది.

అప్పటికీ తేలకపోతే, నడుము దగ్గర వెన్నులోకి, స్కాన్‌లో స్పష్టంగా కనిపించే కాంట్రాస్ట్ మందు ఎక్కించి, బోర్లా పడుకోబెట్టి సీటీ తీస్తారు. అది ద్రవం కారుతున్న సమయంలోనే బాగా పనికొస్తుంది కాబట్టి, అమ్మగారికి ఏ భంగిమలో ఎక్కువగా కారుతుందో డాక్టరుకు తప్పక చెప్పండి. ఈలోగా ఆవిడను ముక్కు గట్టిగా చీదనివ్వకండి. జ్వరం, తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం మెదడు పొరల వాపుకు (మెనింజైటిస్‌కు) సూచనలు కావచ్చు. అవి కనిపిస్తే స్కాన్ తేదీ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.